పాత విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు: అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో నడపడం ఎలా?

పెళ్లి శుభలేఖ, గుడి కమిటీ రసీదు పుస్తకం, స్కూల్ ప్రోగ్రెస్ కార్డు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం కరపత్రం. మా విజయనగరంలో ఇలాంటివి ప్రెస్‌కి వెళ్లే ముందు డీటీపీ సెంటర్ దాటి రావాల్సిందే. ఆ సెంటర్లలో చాలా చోట్ల ఇప్పటికీ కనిపించేది పేజ్‌మేకర్ 7.0. దానికి తోడు అను ఫాంట్లు. వాటి కింద విండోస్ 7, కొన్ని చోట్ల ఎక్స్‌పీ కూడా.

ఫోన్ రెండేళ్లకోసారి మార్చే మనకి ఇది వింతగా ఉంటుంది. కానీ ఆ షాపు వైపు నుంచి చూడండి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 1985లో ఆల్డస్ కంపెనీ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ని 1994లో అడోబీ కొనుక్కుంది, 2004లో డెవలప్‌మెంట్ ఆపేసింది. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14న అయిపోయింది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న. ఇవన్నీ ఆగిపోయాయి గానీ శుభలేఖలు ఆగలేదు కదా.

మా బాబాయ్‌ది ఇలాంటి షాపే. బీటెక్ సెలవుల్లో నేను అక్కడ కూర్చుని కార్డులు కంపోజ్ చేసేవాడిని. ఆ పీసీలో హార్డ్ డిస్క్ ఈ మధ్య కటకటమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. "ఈ సిస్టమ్ పోతే నాను షాపు మూసీడమేరా" అన్నాడు బాబాయ్. అందులో పద్దెనిమిదేళ్ల పని ఉంది. ఒక ఇంట్లో అక్క శుభలేఖ చేయించినవాళ్లే చెల్లి శుభలేఖకీ వస్తారు. పాత ఫైల్ తెరిచి పేర్లు, తేదీ మారిస్తే పది నిమిషాల పని. ఆ ఫైల్ లేకపోతే మొదటి నుంచీ కట్టుకోవాలి.

ఆ సిస్టమ్ మొత్తాన్నీ ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చి, కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో నడిపించాం. ఎలాగో ఇక్కడ వరుసగా చెప్తాను. మీ ఇంట్లో పేజ్‌మేకర్ లేకపోవచ్చు. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, పాత ల్యాబ్ మెషిన్ ప్రోగ్రామ్, ఏదైనా సరే పద్ధతి ఇదే.

అసలు ఇబ్బంది ఎక్కడుంది?

ముందుగా ఫాంట్ల సంగతి. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో టైప్ చేసే తెలుగు యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ సొంత నంబర్ ఉంటుంది. ఉదాహరణకి "శ్రీ" అంటే నాలుగు నంబర్లు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఏ ఫోన్‌లో తెరిచినా అది శ్రీగానే ఉంటుంది.

అను లాంటి పాత ఫాంట్లు అలా కాదు. అవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల నంబర్ల మీదే తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. ఒక తలకట్టు ఇక్కడ, ఒక ఒత్తు అక్కడ. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్లో తెలుగే లేదు, ఇంగ్లిష్ గుర్తుల కలగాపులగం మాత్రమే ఉంది. ఫాంట్ ఉంటేనే అది తెలుగుగా కనిపిస్తుంది. అందుకే అను ఫైల్‌ని అలాగే ఫోన్‌కి పంపితే చెత్త అక్షరాలు వస్తాయి.

ఇక రెండోది, ఆ ఫాంట్లలో టైప్ చేయాలంటే వాటి కీబోర్డ్ ప్రోగ్రామ్ వెనక నడుస్తూ ఉండాలి. యాపిల్ లేఔట్, మాడ్యులర్ లేఔట్ అని డీటీపీ వాళ్ల వేళ్లకి అలవాటైనవి అందులో ఉంటాయి. అంటే పని జరగాలంటే పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డ్ ప్రోగ్రామ్, విండోస్ నాలుగూ ఒకదానికొకటి కుదరాలి. ఒకటి కొత్తది పెడితే మిగతావి మొరాయించొచ్చు.

విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ లేనే లేదు, 64 బిట్ మాత్రమే. 64 బిట్ విండోస్‌లో చాలా 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ, 16 బిట్ ప్రోగ్రాములు అస్సలు నడవవు. డాస్ కాలం నాటి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోకపోవడానికి కారణం అదే.

మూడు దారులు, మీకు ఏది?

ఒకటి, కంపాటబిలిటీ మోడ్. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ ట్యాబ్‌కి వెళ్లి విండోస్ 7 లేదా ఎక్స్‌పీ ఎంచుకోవడం. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. ముందు ఇదే ప్రయత్నించండి. పేజ్‌మేకర్, కీబోర్డ్, ప్రింట్ మూడూ సరిగ్గా వస్తే ఈ ఆర్టికల్ మిగతాది మీకు అక్కర్లేదు. కానీ దీనికి ఇన్‌స్టాలేషన్ సీడీ కావాలి. చాలా షాపుల్లో ఆ సీడీ ఎప్పుడో పోయి ఉంటుంది.

రెండు, వర్చువల్ మెషిన్. విండోస్ 11 లోపల ఒక విండోలో విండోస్ 7 నడుస్తుంది. దాని ఫైల్స్ అన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌లకి ఇదే సరైన దారి. పాత పీసీని ఉన్నది ఉన్నట్టుగా ఇందులోకి తెచ్చుకోవచ్చు, సీడీలు అక్కర్లేదు.

మూడు, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచే నేరుగా బూట్ చేయడం. ఇది పాత పీసీలకి పనికొస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 7తో దాదాపు కుదరదు. ఎందుకో కింద చెప్తాను.

బాబాయ్ షాపుకి మేం ఎంచుకున్నది రెండోది.

కావాల్సినవి

యూఎస్‌బీ 3.0 ఉన్న ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ. పాత పీసీలో నిండిన స్థలానికి కనీసం రెండింతలు ఉండేది తీసుకోండి. పెన్ డ్రైవ్ వద్దు. విండోస్ నడుస్తున్నంతసేపూ చిన్న చిన్న ముక్కలుగా రాస్తూనే ఉంటుంది, మామూలు పెన్ డ్రైవ్ దానికి తట్టుకోదు, నత్తలా నడుస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్. పేజ్‌మేకర్ కాలం నాటి సాఫ్ట్‌వేర్‌కి 2 జీబీ ఇచ్చినా ఎక్కువే, మిగతాది విండోస్ 11కి.

సాఫ్ట్‌వేర్ రెండు, రెండూ ఉచితం: మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల డిస్క్2వీహెచ్‌డీ, ఒరాకిల్ వాళ్ల వర్చువల్‌బాక్స్. వర్చువల్‌బాక్స్ బేస్ ప్యాకేజీ చాలు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్స్ వేరు, వ్యాపారానికి అది ఉచితం కాదు, మనకి దాని అవసరం కూడా లేదు.

స్టెప్ 1: ముందు ఫైళ్లు, తర్వాతే సిస్టమ్

హార్డ్ డిస్క్ చప్పుడు చేస్తోందంటే స్కాన్లు, డీఫ్రాగ్‌లు ఏవీ పెట్టకండి. ఉన్న కాస్త ప్రాణం వాటికే అయిపోతుంది. ముందు పని ఫైళ్ల ఫోల్డర్‌ని, ఫాంట్స్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పేజ్‌మేకర్ 7 ఫైళ్లు పీఎండీ ఎక్స్‌టెన్షన్‌తో, 6.5 ఫైళ్లు పీ65తో ఉంటాయి. వాటిలో వాడిన బొమ్మలు వేరే ఫోల్డర్లలో ఉండొచ్చు, అవీ తీసుకోండి. ఇంతవరకూ అయితే, తర్వాత ఏది చెడినా పని మిగులుతుంది.

స్టెప్ 2: డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి

కొన్ని డ్రైవ్‌లు ఫ్యాట్32గా వస్తాయి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. మన డిస్క్ ఇమేజ్ అంతకంటే చాలా పెద్దది. కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ తప్పనిసరి. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ఖాళీదే వాడండి.

స్టెప్ 3: పాత పీసీని ఒక ఫైల్‌గా మార్చండి

పాత పీసీలో డిస్క్2వీహెచ్‌డీ తెరవండి. విండోస్ నడుస్తుండగానే ఇది డిస్క్ మొత్తాన్నీ ఒక వీహెచ్‌డీ ఫైల్‌గా తీస్తుంది. మూడు విషయాలు చూసుకోండి.

సి డ్రైవ్‌తో పాటు "సిస్టమ్ రిజర్వ్‌డ్" అనే చిన్న పార్టిషన్ ఉంటే దానికీ టిక్ పెట్టండి. విండోస్ 7 బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. అది లేకుండా తీసిన ఇమేజ్ ఆన్ అవ్వదు.

వీహెచ్‌డీఎక్స్ అనే ఆప్షన్‌కి టిక్ తీసేయండి. మామూలు వీహెచ్‌డీ అయితే వర్చువల్‌బాక్స్ ఇబ్బంది లేకుండా వాడుకుంటుంది.

సేవ్ చేసే చోటు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌గా పెట్టండి, అదే డిస్క్‌లో కాదు. పాత పీసీల్లో యూఎస్‌బీ 2.0 ఉంటుంది కాబట్టి గంటలు పట్టొచ్చు. రాత్రి షాపు కట్టేసే ముందు పెట్టి వెళ్లడం మంచిది. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ మీద ఉంచండి.

ఇది విండోస్ 7కి చెప్పిన పద్ధతి. మీది ఎక్స్‌పీ అయి, సీడీలు ఉంటే, వర్చువల్‌బాక్స్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే తేలిక.

స్టెప్ 4: కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్

ముందు ల్యాప్‌టాప్ బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, సీపీయూ దగ్గర అది కనిపిస్తుంది.

వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషిన్ తయారు చేసేటప్పుడు దాని ఫోల్డర్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండేలా ఇవ్వండి. వీహెచ్‌డీ ఫైల్‌ని కూడా అదే ఫోల్డర్‌లోకి జరిపాక జత చేయండి. అప్పుడు డ్రైవ్‌ని వేరే ల్యాప్‌టాప్‌కి పెట్టినా, డ్రైవ్ లెటర్ మారినా దారి తప్పదు.

టైప్ దగ్గర విండోస్ 7, మీ పాత పీసీ ఏదైతే అది: 32 బిట్ లేదా 64 బిట్. ర్యామ్ 2 జీబీ. "ఉన్న హార్డ్ డిస్క్ వాడు" అన్నది ఎంచుకుని మన వీహెచ్‌డీ చూపించండి. ఈఎఫ్ఐ ఆప్షన్‌కి టిక్ ఉండకూడదు, ఎందుకంటే ఆ కాలం పీసీలు చాలావరకూ పాత బయోస్ పద్ధతిలోనే బూట్ అవుతాయి.

ఆన్ చేయగానే బ్లూ స్క్రీన్ వచ్చి, స్టాప్ కోడ్ చివర 7బీ అని ఉంటే కంగారు పడకండి. విండోస్‌కి తన డిస్క్ కనిపించట్లేదని అర్థం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి, వీహెచ్‌డీని సాటా కంట్రోలర్ నుంచి తీసి ఐడీఈ కంట్రోలర్‌కి తగిలించండి. ఐడీఈలో ఉంటే సాటాకి. పాత పీసీలో ఏది వాడారో ఇక్కడా అదే ఉండాలి, అంతే.

కింద స్టేటస్ బార్‌లో తాబేలు బొమ్మ కనిపించి, అంతా నెమ్మదిగా నడుస్తుంటే, విండోస్ 11లో హైపర్‌వీ నడుస్తోందన్నమాట. వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడవాల్సి రావడం వల్ల ఆ నెమ్మది. పేజ్‌మేకర్ లాంటి తేలికపాటి పనికి తాబేలుతో కూడా నెట్టుకురావచ్చు.

స్టెప్ 5: యాక్టివేషన్ సంగతి

హార్డ్‌వేర్ మారిందని గుర్తించి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. రిటైల్ లైసెన్స్ అయితే వేరే మెషిన్‌కి మార్చుకోవచ్చు. పీసీతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ పీసీకే పరిమితం. షాపు అంటే వ్యాపారం, కాబట్టి లైసెన్స్ సరిగ్గా చూసుకోండి. నెట్‌లో దొరికే క్రాక్ సెటప్‌లు మాత్రం వద్దు. బతికించుకుందామని తెచ్చిన సిస్టమ్‌లోకి వైరస్‌ని మనమే పిలిచినట్టు అవుతుంది.

స్టెప్ 6: ఇంటర్నెట్ కట్, షేర్డ్ ఫోల్డర్ ఆన్

మెషిన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్లి అడాప్టర్‌కి టిక్ తీసేయండి. ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి.

2017 మే నెల గుర్తుందా? వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని జిల్లాల్లో దాని బారిన పడ్డాయి, వాటిలో పక్కనున్న శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. ప్యాచ్ వేసుకోని సిస్టమ్స్ దొరికిపోయాయి. విండోస్ 7కి ఇప్పుడు ప్యాచ్‌లే రావు. కాబట్టి దానికున్న ఏకైక గోడ నెట్ లేకపోవడమే.

మరి ఫైళ్లు అటూ ఇటూ ఎలా? డివైసెస్ మెనూ నుంచి గెస్ట్ అడిషన్స్ ఇన్‌స్టాల్ చేసి, ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోండి. నెట్‌వర్క్ అడాప్టర్ లేకపోయినా ఇది పని చేస్తుంది. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ఫొటో విండోస్ 11లో డౌన్‌లోడ్ చేసి, స్కాన్ చేసి, ఆ ఫోల్డర్‌లో వేస్తే లోపల పేజ్‌మేకర్‌కి కనిపిస్తుంది. డెస్క్‌టాప్ మొత్తాన్నీ షేర్ చేయొద్దు, ఆ ఒక్క ఫోల్డరే.

ప్రింట్ కూడా ఇదే దారిలో. కొత్త ప్రింటర్‌కి విండోస్ 7 డ్రైవర్ దొరక్కపోవచ్చు. అందుకని లోపల ఒక పీడీఎఫ్ ప్రింటర్ పెట్టుకుని, పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్ తీసి, షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తెచ్చి, విండోస్ 11 నుంచి ప్రింట్ ఇవ్వండి. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఎంబెడ్ అయ్యేలా చూసుకుంటే ఎక్కడ తెరిచినా తెలుగు చెదరదు. కస్టమర్‌కి ప్రూఫ్ ఫోన్‌కి పంపడానికీ అదే పీడీఎఫ్.

పని అయ్యాక విండోస్ 7ని పూర్తిగా షట్ డౌన్ చేయండి. "సేవ్ స్టేట్" పెట్టి డ్రైవ్ తీసుకెళ్తే, వేరే ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అది మళ్లీ తెరుచుకోకపోవచ్చు. తర్వాత ఎజెక్ట్ ఇచ్చి మరీ తీయండి.

నేరుగా బూట్ చేయాలనుకునేవాళ్లకి

విండోస్ 7ని యూఎస్‌బీ డ్రైవ్ నుంచి నడిచేలా తయారు చేయలేదు. బూట్ అయ్యే మధ్యలో యూఎస్‌బీ కంట్రోలర్ రీసెట్ అవుతుంది, తను నిలబడ్డ డ్రైవే దానికి కనిపించకుండా పోతుంది, పైన చెప్పిన 7బీ బ్లూ స్క్రీనే వస్తుంది. మైక్రోసాఫ్ట్ అధికారికంగా విండోస్ టు గో తెచ్చింది 2012లో, విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో. దాన్నీ 2020లో విండోస్ 10 నుంచి తీసేసింది. రూఫస్‌లో కనిపించే విండోస్ టు గో ఆప్షన్ కూడా విండోస్ 8, ఆ పైవాటికే.

విండోస్ 7కి విన్‌టుయూఎస్‌బీ అనే టూల్ ఈ పని చేస్తుంది. కానీ విండోస్ 7లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు, కాబట్టి యూఎస్‌బీ 2.0 పోర్ట్‌కే తగిలించాలి. బయోస్‌లో లెగసీ బూట్ ఉండాలి. ఇవి రెండూ ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో దొరకడం కష్టం, గ్రాఫిక్స్ డ్రైవర్లు కూడా రావు. 2010–2015 మధ్య పీసీ ఉంటే ప్రయత్నించండి. అప్పుడు కూడా లోపలి హార్డ్ డిస్క్ కేబుల్ తీసేసి ఇన్‌స్టాల్ చేస్తే, పొరపాటున దాని మీద రాసే ప్రమాదం ఉండదు.

మ్యాక్ వాడేవాళ్లకి ఇది తేలిక. 32 బిట్ యాప్స్ నడిచిన చివరి వెర్షన్ 2018లో వచ్చిన మొజావే. 2019 అక్టోబర్‌లో వచ్చిన కాటలీనాతో అవి ఆగిపోయాయి. మొజావేకి సరిపోయే ఇంటెల్ మ్యాక్ అయితే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఆన్ చేసేటప్పుడు ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే చాలు. టీ2 చిప్ ఉన్నవాటిలో ముందు స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో ఎక్స్‌టర్నల్ బూట్‌కి అనుమతి ఇవ్వాలి. ఎం సిరీస్ చిప్ మ్యాక్‌లలో మొజావే రాదు.

ఇది వంతెన, ఇల్లు కాదు

సిస్టమ్ నడిచింది కదా అని వదిలేస్తే, సమస్యని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మార్చినట్టే. ఎస్‌ఎస్‌డీ కూడా ఒకరోజు పోతుంది. ఆపరేటర్ కూడా ఒకరోజు మానేస్తాడు. అందుకే ఈ మెషిన్ నడుస్తున్నప్పుడే మూడు పనులు చేయండి.

మొదటిది, మెషిన్ ఫోల్డర్ మొత్తం ఇంకో డ్రైవ్‌లో కాపీ ఉంచండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో.

రెండోది, ముఖ్యమైన ప్రతి ఫైల్‌కీ పీడీఎఫ్ తీయండి. రేపు పేజ్‌మేకర్ తెరుచుకోకపోయినా, కనీసం చూసి మళ్లీ కట్టుకోవచ్చు. లిబ్రెఆఫీస్ 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది, ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకూ తెరుస్తుంది. లేఔట్ అచ్చంగా అలాగే రాకపోవచ్చు, అను ఫాంట్లు కూడా ఉండాలి, అయినా చేతిలో ఇంకో తాళం చెవి ఉన్నట్టే.

మూడోది, టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చడం. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మీ అను వెర్షన్‌కి సరిపోయేది చూసుకోండి. పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ సెలెక్ట్ చేసి ఎక్స్‌పోర్ట్ ఇచ్చి, షేర్డ్ ఫోల్డర్‌లో వేసి, బయట మార్చుకోండి. మార్చాక మనిషి చదవాల్సిందే. ఒత్తులు, అంకెలు, కామాలు తారుమారయ్యే అవకాశం ఉంది. ఇంటిపేర్లు, ఊర్ల పేర్లు రెండుసార్లు చూడండి. శుభలేఖలో పెళ్లికొడుకు పేరు తప్పు పడితే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

"యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవు" అని డీటీపీ వాళ్లు అనడం నేను చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న లాంటివి ఉచితంగా ఉన్నాయి. వాటిలో గురజాడ, గిడుగు పేర్ల మీద కూడా ఫాంట్లు ఉన్నాయి. మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన ఆ ఇద్దరూ మన ఉత్తరాంధ్ర వాళ్లే. వాళ్ల పేర్లున్న ఫాంట్లతో మన ఊరి కార్డులు కొట్టుకోవడం బాగుంటుంది కదా.

బాబాయ్ షాపులో ఇప్పుడు నియమం ఒక్కటే: కొత్తగా వచ్చే పని యూనికోడ్‌లో, పాత ఫైల్ మార్పు మాత్రమే విండోస్ 7లో. వేళ్లకి కొత్త కీబోర్డ్ అలవాటు కావడానికి టైమ్ పడుతోంది. దసరా తర్వాత మంగళవారం సిరిమాను అంటే, ముందు వారాల్లో షాపులో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందుకని ఈ మార్పులన్నీ సీజన్ లేని నెలల్లో పెట్టుకున్నాం. మీరూ అలాగే చేయండి.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పీసీ ఒకటి ఉంటే ఈ ఆదివారం వెళ్లి స్టెప్ 1 ఒక్కటి చేసిపెట్టండి. ఫైళ్లు కాపీ అయితే, మిగతా స్టెప్పులు తీరిగ్గా చేసుకోవచ్చు.